తూకం చెప్పని కొలతలు

రాక్సేన్ గే 2017లో వెలువరించిన ఆత్మకథ ‘హంగర్’లో నన్ను ఎక్కువసేపు నిలిపివేసినవి కుర్చీల గురించిన పుటలు. భోజనశాలకు వెళ్ళే ముందే అక్కడి కుర్చీలు ఎలాంటివో ఇంటర్నెట్‌లో ఫొటోలు వెతికి చూసుకోవడం, చేతులున్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుంటే తొడలు కమిలిపోవడం ఆమెకు నిత్యజీవితం. లావుపాటి మనిషిని హాస్యపాత్రగా మాత్రమే చూపడానికి అలవాటుపడిన మన సినిమాల తరువాత ఇది చదివితే కొంత సిగ్గు కలుగుతుంది. పుస్తకం గురించి విడిగా రాస్తాను. ఆ పుటలు ఆస్పత్రిలో పనిచేసే నన్ను మరో కుర్చీ వైపు మళ్ళించాయి. అది భారీకాయుల కోసం చేసే చక్రాల కుర్చీ.

అమెరికాలో మామూలు చక్రాల కుర్చీ సీటు వెడల్పు 18 అంగుళాలు. అది మోసే బరువు సాధారణంగా 250 పౌండ్లు, అంటే 113 కిలోలు. మెడికేర్ నిబంధనలు కూడా అక్కడే గీత గీశాయి. ఆ బరువు దాటినవారికి ‘హెవీ డ్యూటీ’, 300 పౌండ్లు దాటినవారికి ‘ఎక్స్‌ట్రా హెవీ డ్యూటీ’. కాగితాలు నింపేవారికి ఈ లెక్క చాలు, కూర్చునేవారికి చాలదు. ఆ అంకె ఇనుము ఎంత మోయగలదో చెబుతుంది, శరీరం ఎలా ఉందో చెప్పదు.

ఒకే బరువున్న ఇద్దరిని తీసుకోండి. ఒకరికి బరువంతా పిరుదుల వెనుక చేరి ఉంటుంది. ఆయన కుర్చీలో కూర్చుంటే ఆ కండ నడుమును ముందుకు నెడుతుంది, వీపు వెనుక ఆనదు. భారం ముందరి చిన్న చక్రాల మీద పడి కుర్చీ కదలనని మొరాయిస్తుంది. ఇలాంటివారికి వెనుక ఆనుడు కింది భాగంలో కండకు చోటు విడిచినది కావాలి, పెద్ద చక్రాల ఇరుసును ముందుకు జరుపుకొనే వీలు ఉండాలి. రెండోవారికి భారమంతా పొట్టలో ఉంటుంది. తొడలు దగ్గరకు రావు, నిటారుగా కూర్చుంటే ఊపిరాడదు. ఆనుడు కాస్త వెనక్కి వాలాలి, పాదాల పలకలు ఎడంగా ఉండాలి. తూకపు యంత్రానికి వీరిద్దరూ ఒక్కటే.

వెడల్పు ఎంత ఎక్కువైతే అంత సుఖమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సీటు మరీ వెడల్పైతే చక్రాలను అందుకోవడానికి చేతులు బాగా చాచవలసి వచ్చి భుజాలు అరుగుతాయి. మనిషి ఒక పక్కకు ఒరిగి ఆ పక్కనే పుండు పడుతుంది. పైగా కుర్చీ మొత్తం వెడల్పు సీటుకన్నా సుమారు 8 అంగుళాలు ఎక్కువ. 24 అంగుళాల సీటంటే గుమ్మంలో 32 అంగుళాలు కావాలి. బహిరంగ భవనాల్లో వికలాంగుల చట్టం కింద తలుపులకు కనీసం అంత దారి ఉండాలి. ఇళ్ళల్లో స్నానాలగది తలుపుకు ఆ చట్టం వర్తించదు. నేను చూసిన ఒకాయన కుర్చీ హాల్లోనే ఉండిపోయింది, ఆయన మంచం మీదే ఉండిపోయారు. కొద్ది వారాల్లో నడుము కింద పుండుతో మళ్ళీ వార్డుకు వచ్చారు. గుమ్మానికి పక్కకు పూర్తిగా తెరుచుకొనే బందులు బిగిస్తే తలుపు మందం మేరకు దారి పెరిగేది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న తండ్రిగారికి ఇక్కడి నుంచి కుర్చీ పంపాలనుకునేవారు ముందు ఆ ఇంటి స్నానాలగది గుమ్మం కొలిపించండి. మన అపార్ట్‌మెంట్లలో అది తరచు రెండున్నర అడుగులే.

కుర్చీ బలంగా ఉంటే చాలదు. దాని మీద వేసే కుషనుకూ బరువు పరిమితి ఉంటుంది, దాన్ని అడిగేవారు తక్కువ. ఇంటి ముందరి ర్యాంపు, బస్సు లిఫ్టు మనిషినీ కుర్చీనీ కలిపి మోయాలి. ఇక్కడ బస్సు లిఫ్టులు కనీసం 600 పౌండ్లు మోసేలా ఉండాలని కేంద్ర నిబంధన. భారీ మోటారు కుర్చీ ఒక్కటే 300 దాటవచ్చు. తోసే భార్యకు అరవై ఏళ్ళుంటే ఆమె నడుమునూ లెక్కలోకి తీసుకోవాలి.

వార్డులో బరువు గట్టిగా అడిగేవారు కనిపిస్తారు, టేపు తెచ్చేవారు కనిపించరు. తాకి కొలవడానికి మొహమాటం కాబోలు. రోగిని గట్టి బల్ల మీద, రోజూ వేసుకునే దుస్తుల్లో కూర్చోబెట్టి, అత్యంత వెడల్పైన చోట కొలవాలి. అది పిరుదులే కానక్కరలేదు, చాలామందికి తొడల ముందు భాగం. వెనుక నుంచి మోకాలి మడత వరకు కొలిచి, అందులో రెండు అంగుళాలు తగ్గిస్తే సీటు లోతు వస్తుంది. కాళ్ళలో నీరు చేరేవారికి సాయంత్రం కొలత వేరుగా ఉంటుంది, దాన్నే తీసుకోండి. ఆ పైన కొనేముందు అరగంటైనా కూర్చోబెట్టి చూడాలి. అందుకు దుకాణంవారు ఒప్పుకోకపోతే మరో దుకాణానికి వెళ్ళండి.