తేనె మంచిదే, గుడ్డు మాత్రం మానకండి

బిడ్డ బక్కచిక్కితే ఇంట్లో పెద్దవాళ్లు తేనె నాకించమంటారు. తేనెపెట్టెలు పెట్టుకున్న రైతయితే ఇంట్లోదే కదా అని చెంచాలకు చెంచాలు పోస్తాడు. తేనె మీద నాకేం కోపం లేదు. కానీ లెక్క చూడండి. 100 గ్రాముల తేనెలో దాదాపు 80 గ్రాములు చక్కెరలే. మాంసకృత్తులు అర గ్రాము కూడా ఉండవు. ఒక్క కోడిగుడ్డులో 6 గ్రాముల దాకా ఉంటాయి. చిక్కిపోయిన బిడ్డకు కండ పట్టాలంటే అవి కావాలి.

ఏడాది నిండని బిడ్డకైతే తేనె చుక్క కూడా వద్దు. పుట్టగానే నాలిక మీద రాసే అలవాటూ మానాలి. తేనెలో ఒక్కోసారి బొట్యులిజం జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలుంటాయి. పెద్దల పేగులు తట్టుకుంటాయి, పసిబిడ్డవి తట్టుకోలేవు. బిడ్డ మెడ వాలిపోతుంది, పాలు తాగలేదు, ఊపిరికే ముప్పు. ఇంట్లో మరగబెట్టినా ఆ బీజాలు చావవు. మాది స్వచ్ఛమైన తేనె అంటారేమో, స్వచ్ఛతకూ దీనికీ సంబంధం లేదు.

ఏడాది దాటాక, రాగిజావ తాగనని మొండికేసే పిల్లకు ఓ చెంచా కలపండి. జావ లోపలికి పోతుంది, అంతవరకే దాని పని. కిలో తేనె అమ్మితే డజనుకు పైగానే గుడ్లొస్తాయి. అంగన్‌వాడీ గుడ్డు బిడ్డ నోట్లోకే పోతోందా, ఇంటిల్లిపాదికీ కూరవుతోందా? అదీ ఓసారి చూసుకోండి.