కోట గుడి రాళ్లను చదివేదెవరు?

ధర్మపురి కోట గుడికి వెళ్లినవాళ్లు ముందు వెతికేది వేలాడే స్తంభాన్నే. మల్లికార్జునుడి గుడి మండపంలో నేలకు ఆనకుండా నిలిచిన ఆ స్తంభం కింద కాగితం దూర్చి అవతలి వైపు నుంచి లాగుతారు. లేపాక్షి చూసొచ్చిన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. సరదాగానే ఉంటుంది. కానీ దాన్ని నిలిపిందెవరని అడిగితే పెద్దలు కూడా తడుముకుంటారు.

ఇది 9వ శతాబ్దం నాటి నొళంబుల శైలి గుడి. వాళ్ల రాజధాని హెంజేరు, అంటే నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హేమావతి. ధర్మపురిని అప్పట్లో తగడూరు అనేవారు. నొళంబ రాజు మహేంద్రుని కాలంలో నిధియణ్ణ, చండియణ్ణ అనే వర్తక సోదరులు ఇక్కడ జైన బసది కట్టించారని ఈ ఊళ్లోనే దొరికిన శాసనం చెబుతోంది. శాసనం భాష కన్నడం. లిపి మాత్రం తెలుగు, కన్నడ ఇంకా వేరుపడని నాటిది. కాస్త సాధన చేస్తే మన బడుల పిల్లలు అందులో కొన్ని అక్షరాలను పోల్చుకోగలరు. తమిళమూ చదువుతున్నారు కనుక తర్వాతి కాలపు తమిళ శాసనాలూ వాళ్లకు పూర్తిగా పరాయివి కావు. ఈ జిల్లాలో తెలుగు చదువు దేనికని అడిగేవారికి ఇంతకన్నా సూటి జవాబు దొరకదు.

అయితే చదవడానికి అక్షరాలు మిగలాలి కదా. తిరుప్పణి పేరుతో చాలా ఊళ్లలో జరుగుతున్నది భక్తితో చేసే నష్టమే. మురికి పోవాలని ఇసుకను వేగంగా చిమ్మితే శాసనం అంచులు అరిగిపోతాయి. పగుళ్లకు సిమెంటు పూస్తే తేమ రాతిలోనే చిక్కుకుంటుంది. పెయింటు సంగతి చెప్పనక్కర్లేదు. మద్రాసు హైకోర్టు 2021 జూన్ 7న ఆలయాలు, పురాతన కట్టడాల రక్షణకు 75 ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో ఊహించుకోవచ్చు.

గుడిని బాగుచేయడం ఒక్కరి పని కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపమే ఉదాహరణ. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడి మండపాన్ని పురావస్తు శాఖ రాయి రాయీ విప్పి, ప్రతిదానికీ అంకె వేసి, మళ్లీ పేర్చింది. ఇసుక పునాదిని అర్థం చేసుకోవడానికి ఇంజనీర్లు కావాలి, విరిగిన రాతికి జోడు చెక్కడానికి శిల్పులు కావాలి, ఏ రాయి ఎక్కడిదో చెప్పడానికి చరిత్ర తెలిసినవాళ్లు కావాలి. 2024 మార్చిలో మండపం తెరుచుకునేసరికి ఒక తరం పిల్లలు బడి చదువు ముగించేశారు. ఆలస్యాన్ని సమర్థించలేం. కానీ ఆరు నెలల్లో సిమెంటుతో ముగించే పనికన్నా అదే నయం.

మన బడుల్లోనూ ఈ పని ఏ ఒక్క టీచరుదో కాకూడదు. సోషల్ మాస్టారు ఒక్కరే పిల్లల్ని తీసుకెళితే రాజుల పేర్లతో సరిపోతుంది. సైన్సు టీచరు వెంట ఉంటే రాయి ఎందుకు పొరలుగా ఊడుతుందో చెబుతారు. స్తంభం బరువు ఎటు పోతోందో లెక్కల మాస్టారు బొమ్మ గీసి చూపిస్తారు. తెలుగు, తమిళ ఉపాధ్యాయులు అక్షరాల దగ్గర ఆగుతారు. గుడివారి అనుమతి తీసుకుని శాసనాలున్న ప్రతి రాయినీ ఫొటో తీసి, తేదీ వేసి, బడిలో ఒక పుస్తకంగా ఉంచాలి. అక్షరాలు కనబడాలని సుద్ద రుద్దడం, నూనె పూయడం వద్దు. పక్కనుంచి టార్చి వేస్తే చాలు, గీతలు వాటంతటవే లేస్తాయి.

రేపు తిరుప్పణి మొదలై ఏ గోడకైనా సున్నం పడబోతుంటే, "ఇక్కడ రాత ఉందండీ" అని ఆ పుస్తకం తెరిచి చూపించడానికి ఎనిమిదో తరగతి అమ్మాయి చాలు. అర్ధ సంవత్సర సెలవులకు ముందే ఒక శనివారం చూసుకుని బయల్దేరండి. టార్చి మరచిపోవద్దు.