మందు డబ్బాకు చీటీ ఉంది, ఈ టూల్‌కు ఏదీ?

ఫోన్లో సలహా చెప్పే ఏఐ మన చేలగట్టు దాకా వచ్చేసింది. పక్కనే ఖమ్మం జిల్లాలో 2022లోనే ‘సాగు బాగు’ పేరుతో దాదాపు 7,000 మంది మిర్చి రైతులకు ఏఐ సలహాలు అందించారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న ‘మన మిత్ర’ 161 ప్రభుత్వ సేవలతో వాట్సాప్‌లో మొదలైంది. ఇవి వద్దని ఎవరంటారు? కానీ ఇప్పుడు తయారవుతున్నవి సలహా చెప్పి ఊరుకునేవి కావు. ధర చూసి, వాన కబురు తెచ్చి, మోతాదు లెక్కగట్టి, స్లాట్ కూడా బుక్ చేసేవి. వీటినే ఏఐ ఏజెంట్లు అంటున్నారు. నా భయం వీటి గురించే.

ఏజెంట్ ఈ పనులు సొంతంగా చేయదు. ఒక్కో పనికి ఒక్కో టూల్‌ను, అంటే ఒక చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. ఆ టూల్ లోపల ఏముందో దానికి కనపడదు. తయారు చేసినవాళ్లు రాసిపెట్టిన నాలుగు ముక్కల వివరణ చదివి, దాన్ని ఎప్పుడు పిలవాలో, ఏమడగాలో తేల్చుకుంటుంది. ఆ వివరణ అరకొరగా ఉంటే ఎంత తెలివైన ఏజెంటయినా తప్పే చేస్తుంది. ఆ తప్పునే తడబడకుండా, చక్కని తెలుగులో మనకు చెబుతుంది.

ఒక్క ముడత సంగతే చూడండి. మిర్చి ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పై ముడత. అది తామర పురుగు పని. కిందికి తిరగబడి, కాడ సాగితే కింది ముడత. అది నల్లి. మందులు వేరు. టూల్‌లో ‘ఆకుముడత’ అని ఒకే గడి ఉంటే, రైతు ‘పై ముడతండీ’ అని స్పష్టంగా చెప్పినా ఆ ‘పై’ దారిలోనే రాలిపోతుంది. నల్లి మందు తెచ్చి తామర పురుగు మీద కొడతాడు. డబ్బు పోతుంది, పురుగు అలాగే ఉంటుంది. వారం తిరక్కుండా ఇంకో మందు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో చేరినప్పుడు దొరికిన మందల్లా కొట్టిన చేలు మనకు తెలుసు. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడూ అంతే. విచ్చలవిడిగా కొట్టిన పైరిత్రాయిడ్ మందులు, పెరిగిన అప్పులు, ప్రాణాలు తీసుకున్న రైతులు. ప్రకాశం, గుంటూరు పల్లెలు ఆ ఏడాదిని మరిచిపోలేదు.

మోతాదు హెక్టారుకు ఇచ్చారో ఎకరాకు ఇచ్చారో టూల్‌లో రాయకపోతే, రెండున్నర రెట్లు మందు పడుతుంది. మిర్చి ధర క్వింటాల్‌కా, టిక్కీకా (బస్తాకా)? తేజా రకానిదా, తాలు కాయలదా? మిర్చి యార్డుకు సెలవైన శనివారం అడిగితే శుక్రవారం ధరను ఈనాటిదని చెబుతుందా? ట్రైజోఫాస్‌ను 2020 చివరికే నిషేధించారు. అంతకుముందు అచ్చయిన సాగు పుస్తకాన్ని టూల్‌లో పడేస్తే, ఏజెంట్ దాన్నే కొట్టమంటుంది. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. వాతావరణం టూల్ పనిచేయకపోతే ఏజెంట్ ‘తెలియలేదు’ అంటుందా, లేక ఊహించి ‘వాన లేదు, కొట్టుకోండి’ అంటుందా?

పత్తిదీ ఇదే కథ. 2025-26 సీజన్‌లో భారత పత్తి సంస్థ (సీసీఐ)కి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ తీసుకోవాల్సి వచ్చింది. తేమ 12 శాతం దాటితే కొనరు. ఈ ముక్క తెలియని ఏజెంట్ తడి పత్తికి స్లాట్ బుక్ చేస్తే బండి కిరాయి ఎవరిస్తారు? స్లాట్ చూడటం వేరు, మార్చడం వేరు, రద్దు చేయడం వేరు. రైతు ‘సరే’ అనకుండా చివరి రెండూ జరగకూడదు.

పురుగుమందు డబ్బా మీద చట్టప్రకారం వజ్రాకారంలో రంగు గుర్తు ఉండాలి. చదువురానివారికి కూడా ఎరుపు కనపడితే విషమని తెలుస్తుంది. లోపలి చీటీలో ఏ పంటకు, ఎంత, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి, విరుగుడేమిటి అన్నీ ఉంటాయి. టూల్‌కూ అలాంటి చీటీ కావాలి. ఏ పనికి, ఏ పనికి కాదు, కొలత ఏది, సమాచారం ఏ తేదీది, జవాబు దొరకకపోతే ఏం చేస్తుంది. ఇవి రాయని టూల్‌ను ఏజెంట్ చేతికి ఇవ్వకండి.

సాఫ్ట్‌వేర్ రాసే మన పిల్లలారా, మీలో చాలామంది ఈ పల్లెల వాళ్లే. రాశాక వదిలేయకండి, పరీక్షించండి. ఆఫీసులో తయారు చేసుకున్న ప్రశ్నలతో కాదు. ‘ట్యాంకుకి ఎన్ని మిల్లీ’, ‘తాలు ఎంత పలికింది’ అని రైతు అడిగినట్టే అడగండి. ఏజెంట్ సరైన టూల్‌ను పిలిచిందా, సరైన కొలత పంపిందా, జవాబు దొరకనప్పుడు ఆగిందా చూడండి. జవాబులను గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలకు చూపించండి. టూల్ మారిన ప్రతిసారీ మళ్లీ పరీక్ష పెట్టండి.

రైతు సోదరులారా, జవాబులో కొలత లేకపోయినా, తేదీ లేకపోయినా, అదే ప్రశ్నకు రెండోసారి వేరే మందు పేరు వచ్చినా అనుమానించండి. ఫోన్ చెప్పింది డబ్బా మీది చీటీతో సరిపోలకపోతే ట్యాంకులో మందు కలపకండి. ముందు రైతు సేవా కేంద్రానికి వెళ్లి అడగండి.