నాలుగు కుండీల జాగా ఉంటే ఆకుకూరలే వేయండి

బాల్కనీలో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు జాగా మాత్రమే ఉన్నవారు ఏమి పెంచాలి? టమాటా, వంగ, బెండ అని ఎక్కువమంది ఉత్సాహపడతారు. నా అభిప్రాయం వేరు. అంత చిన్న జాగాలో కాయల కోసం ప్రయాసపడకండి. ఆ చోటంతా ఆకుకూరలకే ఇవ్వండి.

టమాటాకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. కాయ చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వచ్చిన కాయలు రెండు పూటల పప్పుకు సరిపోతే గొప్ప. ఆకుకూరలకు మూడు నాలుగు గంటల ఎండ చాలు. పోపుల డబ్బాలోని మెంతులు చల్లితే 20-25 రోజుల్లో మెంతికూర వస్తుంది. బజారులో కొన్న పుదీనా కట్టలోని ముదురు కాడలను గుచ్చితే వేళ్ళూనుకుంటాయి. బచ్చలి తీగ కిటికీ ఊచలను పట్టుకొని పాకుతుంది. గోంగూరను వేళ్ళతో పీకకుండా చివళ్ళు తుంచుకుంటూ పోతే మళ్ళీ మళ్ళీ చిగురిస్తుంది.

వైద్యుడికి ఈ సేద్యం గొడవ ఎందుకంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు కనీసం 500 గ్రాములు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే నలుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలు. ఏ బాల్కనీ అంత ఇవ్వలేదు. ఇస్తుందని ఆశపెట్టేవారి మాట నమ్మవద్దు. అయినా పప్పులోకి వారానికి రెండు మూడుసార్లు గుప్పెడు ఆకు వస్తే అది తక్కువ లాభమేమీ కాదు. కోసిన ఆకు వాడేకొద్దీ అందులోని ఫోలేట్, సి విటమిన్ తరిగిపోతాయి. మీ కుండీలోని ఆకు కోసిన పది నిమిషాలకే పొయ్యి మీద ఉంటుంది. పైగా దానికి పోసిన నీరేమిటో మీకు తెలుసు. నగరాల శివార్లలో మురుగు కలిసిన నీటితో పండిన కూరకు ఆ భరోసా లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఇంట్లో తోటకూర పండుతోంది కదా అని గర్భిణులు, రక్తహీనత ఉన్నవారు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు మానకూడదు. ఆకుకూరల్లోని ఇనుమును శరీరం కొద్దిగానే గ్రహిస్తుంది. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కూడా అందకుండా చేస్తాయి. కూరలో నిమ్మరసం పిండుకోవడం, భోజనం వెంటనే టీ తాగకపోవడం కొంత మేలు చేస్తాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరల మోతాదును ఉన్నట్టుండి పెంచరాదు, తగ్గించరాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముందుగా తమ వైద్యుణ్ణి అడగాలి.

కుండీ కింది పళ్ళెం సంగతి చాలామంది మరచిపోతారు. డెంగీని వ్యాపింపజేసే దోమకు అందులో నిలిచిన కొద్దిపాటి నీరే చాలు. దాదాపు వారం పది రోజుల్లో గుడ్డు దోమగా మారుతుంది. నీరు పారబోసినంత మాత్రాన గుడ్లు పోవు, పళ్ళెం అంచులకు అంటుకొని ఉంటాయి. వారానికి రెండుసార్లు పళ్ళేలను పీచుతో గట్టిగా రుద్ది, కడిగి, ఎండలో బోర్లించండి.