పడవ సిద్ధం, నది ఏదీ?

చైత్రం వచ్చేసరికి బస్తర్ అడవుల్లో ఇప్పపూలు రాలుతుంటాయి. జగదల్‌పూర్‌కు పశ్చిమాన 40 కిలోమీటర్ల దూరంలోని చిత్రకోట్ జలపాతం అప్పటికి బాగా చిక్కిపోతుంది. వానాకాలంలో దాదాపు 300 మీటర్ల వెడల్పున, 29 మీటర్ల ఎత్తు నుంచి ఎర్రటి వరదగా దూకే ఇంద్రావతి, వసంతంలో కొన్ని తెల్లటి పాయలుగా మిగులుతుంది. పర్యాటకులకు ఇదే అదను. ఉధృతి తగ్గాక జలపాతం కింది మడుగులో పడవలు తిరుగుతాయి. పడవ ఎక్కినవారు అడిగేది ఒక్కటే: ధారకు ఎంత దగ్గరగా తీసుకెళ్తావని. పడవవాడికి తెలిసింది అంతకంటే చాలా ఎక్కువ. ఏ బండ పక్కన ఎంత లోతుందో, ఏ సుడిలో ఏ చేప దాగుతుందో అతనికి తెలుసు. అది అడిగేవారే ఉండరు.

సరిగ్గా అదే రుతువులో ఉత్తర అమెరికాలోని మహా సరస్సుల మీద అడిగేవారు బోలెడంత మంది. మంచు కరిగి, నీరు ఇంకా చల్లగా ఉన్న రోజుల్లో ట్రౌట్, సాల్మన్ చేపలు పైపొరల్లోకి, ఒడ్డు దగ్గరకు వస్తాయి. ఎండలు ముదిరితే లోతుకు దిగిపోతాయి. అందుకే వసంతంలో ‘ట్రోలింగ్’ జోరుగా సాగుతుంది. పడవను మనిషి నడక వేగంతో పోనిస్తూ, వెనుక నీళ్లలో గాలాలను లాగుతారు. గాలానికి కట్టిన తళతళలాడే రేకు, పారిపోతున్న చిన్న చేపలా కనిపిస్తుంది. వేటాడే చేప వెంటపడి చిక్కుకుంటుంది. పడవ, గాలాలు, ఎక్కడ లాగాలో తెలిసిన గైడు - అన్నిటికీ కలిపి ఒక రేటు. చేపలు పట్టేవారికి లైసెన్సు ఉండాలి, రోజుకు ఎన్ని పట్టవచ్చో లెక్క ఉంటుంది.

ఇది ప్రకృతి ఊరికే ఇచ్చిన వరం కాదు. ఓడల కాలువల గుండా చొరబడిన సీ లాంప్రే అనే రక్తం పీల్చే జీవి 20వ శతాబ్దం మధ్యనాటికి ఈ సరస్సుల్లో ట్రౌట్‌ను దాదాపు ఊడ్చిపెట్టింది. అమెరికా, కెనడా 1954లో ఒప్పందం చేసుకుని, మరుసటి ఏడాది ఉమ్మడి మత్స్య కమిషన్ పెట్టుకున్నాయి. లాంప్రే పిల్లలను చంపే మందును 1958 నుంచి వాగుల్లో వాడారు. 1966లో మిషిగన్ రాష్ట్రం పసిఫిక్ తీరపు కోహో సాల్మన్ పిల్లలను తెచ్చి వదిలింది. ఇవాళ అక్కడి గైడు జేబులో పడే డబ్బు వెనుక రెండు దేశాలు దశాబ్దాలపాటు చేసిన కాపలా ఉంది.

ఇలాంటి విహారం బస్తర్‌లో సాధ్యమా? సరస్సులకైతే లోటు లేదు. జగదల్‌పూర్ నడిబొడ్డున దళపత్ సాగర్ ఉంది. కాకతీయ రాజ్యం కూలాక వరంగల్ నుంచి తరలివెళ్లిన అన్నమదేవుడి వంశంలోని దళపత్ దేవ్ పేరు మీద వెలసిన చెరువది. కాంకేర్ జిల్లాలో మహానదిపై దుధావా జలాశయం ఉంది. అయితే మన చెరువుల్లో, జలాశయాల్లో ప్రధానంగా పెంచేది బొచ్చె, శీలావతి, మోసు. బొచ్చె నీటిలో తేలే సూక్ష్మజీవులను తింటుంది, మోసు అడుగు బురదను గాలిస్తుంది. పరుగెత్తే రేకు వెంట పడవలసిన అవసరం వాటికి లేదు. ట్రోలింగ్‌కు వాలుగ లాంటి వేట చేప ఉండాలి.

బస్తర్‌లో పేరున్న వేట చేప ఒకటుంది, కానీ అది సరస్సులో ఉండదు. ఇంద్రావతిలోని ‘బోధ్’ చేప అది. హిందీలో గూంచ్ అనే జాతి. గోదావరి జాలర్ల భాషలో రాతి జెల్ల. రాతి రంగులో కలిసిపోయే మచ్చల ఒళ్లు, వెడల్పాటి నోరు. ఈ జాతి ఎంత పెరుగుతుందో ఉత్తరాఖండ్‌లోని కాళీ నదిలో ప్రపంచం చూసింది. బ్రిటిష్ జాలరి జెరెమీ వేడ్ అక్కడ పట్టి వదిలిన చేప బరువు 70 కిలోలు దాటింది. బోధ్ నది అడుగున, బండల మధ్య పొంచి ఉంటుంది. దాని కోసం పడవ వెనుక గాలం లాగి లాభం లేదు. ఏ మడుగులో ఉందో తెలిసిన మనిషి కావాలి. అంటే మళ్లీ ఆ పడవవాడే కావాలి.

పట్టిన చేపను తూచి, ఫొటో తీసుకుని వదిలేసే పద్ధతి భారత్‌కు కొత్తేమీ కాదు. కర్ణాటకలో కావేరి ఒడ్డున మహసీర్ కోసం అలాంటి శిబిరాలు ఏళ్లతరబడి నడిచాయి. స్థానికులే గైడ్లు, నదికి కాపలాదారులు కూడా. అభయారణ్యంలో గాలం వేయడం వన్యప్రాణి చట్టానికి విరుద్ధమన్న అభ్యంతరంతో 2010 తర్వాత అవి మూతపడ్డాయి. కావేరిలోని మూపురం మహసీర్ 2018లో అంతరించే ముప్పు అత్యధికంగా ఉన్న జాతుల జాబితాకెక్కింది. బీజాపూర్ జిల్లాలోని ఇంద్రావతి జాతీయ పార్కులోనూ ఇదే చట్టం అడ్డొస్తుంది. చిత్రకోట్ ఆ పార్కు వెలుపల ఉంది. పడవ నడిపేవారికి పర్యాటకం కూడుపెడుతుందనడానికి ఉదాహరణ బస్తర్‌లోనే ఉంది. కాంగేర్ లోయలోని ధుడ్‌మరాస్ గ్రామ యువకులు వెదురు తెప్పల మీద, కయాక్‌ల మీద అతిథులను తిప్పుతారు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ తన ఉత్తమ గ్రామాల కార్యక్రమానికి ఆ ఊరిని ఎంచుకుంది.

కాబట్టి మనిషి ఉన్నాడు, పడవ ఉంది, చేప ఉంది. చిక్కల్లా నీటి దగ్గరే. ఒడిశా-ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు ఎగువన ఇంద్రావతి నీరు జోరా నాలా అనే వాగులోకి మళ్లి శబరిలో కలుస్తోంది. వాగు పల్లంలో ఉండటంతో నది పలచబడే కొద్దీ నీరు అటే పోతుంది. సరిహద్దు దగ్గర ఇంద్రావతిలో 45 టీఎంసీలు వదలాలన్నది 1975 నాటి ఒప్పందం. జోరా దగ్గర నీటిని సమంగా పంచే కట్టడానికి రెండు రాష్ట్రాలు 2003లో అంగీకరించాయి. అయినా 2019 వేసవిలో చిత్రకోట్ ధార ఆగిపోయింది. జగదల్‌పూర్ పౌరులు సరిహద్దు నుంచి జలపాతం దాకా పాదయాత్ర చేశారు. తెలుగు నేలకు ఇందులో నష్టం కనిపించదు. ఇంద్రావతి భద్రకాళి దగ్గర, శబరి కూనవరం దగ్గర గోదావరిలోనే కలుస్తాయి. ఎటు తిరిగినా ఆ నీరు మనకే చేరుతుంది. మధ్యలో ఎండేది బస్తర్.

బోధ్‌కు ఈ ఎండు నెలలే కీలకం. ఈ జాతి ఏటి వరద రాకముందే గుడ్లు పెడుతుందని మత్స్య శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఛత్తీస్‌గఢ్ నదుల్లో వేట నిషేధం మాత్రం జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు. ఆ తేదీలు వరదలో గుడ్లు పెట్టే బొచ్చె, శీలావతులకు సరిపోతాయి. మందుగుండుతో, విషంతో చేపలు పట్టడాన్ని 1897 నాటి చట్టమే నిషేధించింది. కానీ మడుగులు కుంచించుకుపోయినప్పుడు పెద్ద చేపను పట్టడానికి అవేవీ అక్కర్లేదు. మామూలు వల చాలు.

దిగువన బార్సూర్ దగ్గర బోధ్‌ఘాట్ ఆనకట్టకు 1979లో శంకుస్థాపన జరిగింది. అటవీ అనుమతుల దగ్గర ఆగిపోయిన ఆ ప్రాజెక్టును 2020 నుంచి ప్రభుత్వాలు మళ్లీ పైకి తీశాయి. ఆ చోటికి పేరు ఈ చేప నుంచే వచ్చిందని స్థానికులు చెబుతారు. ఆనకట్ట కడితే బస్తర్‌కు ట్రోలింగ్‌కు పనికొచ్చే పెద్ద సరస్సు దొరుకుతుంది. పారే నీటిలో బండల మధ్య బతికే బోధ్‌కు మాత్రం అందులో చోటుండదు.

రెండు దేశాలు ఒక చేప కోసం ఉమ్మడి కమిషన్ పెట్టుకున్నాయి. ఒకే దేశంలోని రెండు రాష్ట్రాలు ఒక వాగు మొదట్లో నీటిని సగం సగం చేయడానికి రెండు దశాబ్దాలు దాటినా తంటాలు పడుతున్నాయి. చైత్ర మాసంలో ఇంద్రావతి పారేలా చూడటం ముందు జరగాల్సిన పని. వేట నిషేధాన్ని బోధ్ గుడ్లు పెట్టే కాలానికి జరపడం రెండోది. ఆ తర్వాత గైడ్ల కోసం బయట వెతకనక్కర్లేదు. చిత్రకోట్ మడుగులో వాళ్లు ఇప్పటికే తెడ్డు వేస్తున్నారు.