ముందు పడవ, తర్వాతే ఓడ

కొయ్య ఓడల నమూనాలు తయారుచేయాలన్న సరదా చాలామందికి ఒకే బొమ్మతో మొదలవుతుంది. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో అడ్మిరల్ నెల్సన్ పతాక నౌక హెచ్‌ఎంఎస్ విక్టరీ. మూడు తెరచాప స్తంభాలు, వందకు పైగా ఫిరంగులు, లెక్కలేనన్ని తాళ్లు. పెట్టె మీది ఫొటో చూసి మనసు పారేసుకున్నవారు వేల రూపాయలు పోసి కిట్ కొంటారు. కొన్ని నెలలకే అది సగం పనితో అటకెక్కుతుంది. నేల విడిచి సాము చేస్తే జరిగేది ఇదే.

లోపం చేతుల్లో లేదు, వరసలో ఉంది. కిట్‌తో వచ్చే పుస్తకాలు చాలావరకు ఏం చేయాలో చెబుతాయి, ఎందుకో చెప్పవు. ఓడ పొట్టభాగాన్నే తీసుకోండి. వెన్నెముక లాంటి పలకకు అడ్డపలకలు బిగించి, వాటి మీద సన్నని చెక్క బద్దలు పరచాలి. ఓడ నడుము దగ్గర లావు, ముక్కు దగ్గర సన్నం. నడుము దగ్గర సరిపోయిన బద్దలన్నీ అదే వెడల్పుతో ముక్కు దగ్గర పట్టవు. అందుకే వాటిని ముందువైపు సన్నగా చెక్కాలి. ఎంత సన్నగా? అక్కడి అడ్డపలక అంచు పొడవును బద్దల సంఖ్యతో భాగిస్తే లెక్క తేలుతుంది. అంతకుముందే అడ్డపలకల అంచులను ఉప్పుకాగితంతో ఏటవాలుగా అరగదీయాలి. లేకుంటే బద్ద ఒక్క మూల మీదే ఆనుతుంది, జిగురు సరిగా పట్టదు. ఈ రెండు ముక్కలు అరటిపండు ఒలిచిపెట్టినట్టు చెప్పేవారుంటే సగం కష్టాలు తీరినట్టే.

అనుభవజ్ఞుడైన నమూనా నిపుణుడు డేవిడ్ ఆంట్‌షెర్ల్ ఇదే ఆలోచనతో అమెరికాలోని మోడల్ షిప్‌వేస్ కోసం మూడు కిట్లు రూపొందించారు. మొదటిది చేపల వేటకు వాడే చిన్న డోరీ పడవ. రెండోది నార్వే తరహా ప్రామ్. అడ్డపలకల మీద బద్దలు పరిచే పని మూడోదైన లాబ్‌స్టర్ స్మాక్‌లో గానీ రాదు. ఓనమాలు దిద్దించాకే గుణింతాలన్నమాట.

పక్కనుండి నేర్పేవారికీ ఒక నియమం ఉంది. కొత్తవారి చేతిలోని బద్దను లాక్కుని అతికించి చూపడం సాయం కాదు. పెన్సిల్ గీతలు వారితోనే పెట్టించాలి, వంకర పోయిన బద్దను వారితోనే ఊడదీయించాలి. వడ్రంగులు వాడే తెల్ల జిగురు ఎండిపోయినా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూస్తే కాసేపట్లో మెత్తబడుతుంది. తప్పు దిద్దుకోవచ్చని తెలిసినవారు కిట్‌ను అటకెక్కించరు. మొదటి పడవ పూర్తిచేసిన చేతులకు విక్టరీ ఏనాటికైనా అందుతుంది. ముందుగా దాన్నే పట్టుకున్నవారికి రెండూ దక్కవు.