లేనిదాని పేరుతో పిలవకండి

ముక్కు చిట్లించకండి, నేనేమీ మిమ్మల్ని వైన్ తాగమనటం లేదు. ఒక పేరు మీద నాకు కోపం వచ్చింది. ఆ సంగతి చెప్పుకుందామనే!

ఆ పేరు "అన్‌ఓక్డ్ షార్డొనే". షార్డొనే అనేది ఒక తెల్లద్రాక్ష. దాని రసాన్ని కొత్త ఓక్ పీపాల్లో పులియబెడితే వెనిలా వాసనా, కాల్చిన కర్ర వాసనా పడతాయి. ఉక్కు తొట్టెల్లో పులియబెడితే అవేవీ అంటవు. ద్రాక్ష తన రుచి తనే చెప్పుకుంటుంది. అలాంటి దానికి "ఓక్ తగలనిది" అని పేరు పెట్టారు. ఉన్నదాన్ని వదిలేసి లేనిదాన్ని పట్టుకున్నారన్నమాట!

ఈ వరస మనకు కొత్తా? "పెళ్ళికాని పిల్ల", "పిల్లల్లేని ఆవిడ", "ఉద్యోగం లేని ఇల్లాలు". లేనిదేదో చెబితే తప్ప ఆడది ఎవరో లోకానికి ఆనవాలు దొరకదు.

ఫ్రాన్సులో, బర్గండీకి ఉత్తరపు కొసన, షాబ్లీ అని ఒక చిన్న ఊరుంది. షాబ్లీ పేరుతో అమ్మే వైన్‌కి షార్డొనే ఒక్కటే వాడాలి. చలి ప్రాంతం కనుక పండు నిదానంగా పండుతుంది, పులుపు చావదు. అక్కడి నేల దాదాపు 15 కోట్ల ఏళ్ళనాటి సముద్రపు అడుగు. సున్నపు మట్టిలో బుల్లి బుల్లి ఆల్చిప్పలు ఇప్పటికీ కనిపిస్తాయి. వసంతంలో మంచు పడిందా, చిగురు మాడిపోతుంది. 2016లోనూ, 2021లోనూ అదే జరిగింది. అందుకే ఆ రాత్రుళ్ళు రైతులు నిద్ర మానుకుని తోటల్లో మైనపు డబ్బాలు వెలిగిస్తారు. ఇంత పాటుపడి నిలబెట్టుకున్న రుచి, ఏదో "లేని" రుచా?

ఆ ఊళ్ళోనూ పీపాలు లేకపోలేదు. కొందరు పాత పీపాలు వాడతారు. వాటి వాసన అంతగా అంటదు. నా పోట్లాట ఓక్ చెట్టుతో కాదు, అతితో. కాలిఫోర్నియాలో, ఆస్ట్రేలియాలో ఒకప్పుడు ఈ ద్రాక్షకి ఓక్ తెగ దట్టించారు. పీపాలు ఖరీదని కొందరు ఓక్ చెక్కముక్కలే తొట్టెల్లో నానేశారు. తీరా జనానికి మొహం మొత్తింది. 1990లలో "షార్డొనే తప్ప ఇంకేదైనా ఇవ్వండి" అనటం ఫ్యాషనైంది. చూశారా న్యాయం! దట్టించిందెవరు, మాట పడిందెవరు? పెళ్ళికూతురికి నగలన్నీ మనమే దిగేసి, ఆనక "ఆ పిల్లకి ఆర్భాటం ఎక్కువమ్మా" అన్నట్టు లేదూ?

పోనీ ఊరి పేరైనా దక్కిందా అంటే అదీ లేదు. అమెరికాలో చవకరకం తెల్ల వైన్‌కి, అందులో షార్డొనే చుక్క లేకపోయినా, "షాబ్లీ" అని చీటీ అంటించి దశాబ్దాలపాటు అమ్మారు. 2006లో ఐరోపాతో ఒప్పందం కుదిరి కొత్తగా ఎవరూ అలా పెట్టుకోకూడదన్నారు. అప్పటికే పెట్టుకున్నవాళ్ళను మాత్రం వదిలేశారు!

"కొనేవాళ్ళకి తేడా తెలియొద్దా?" అంటారు. తెలియాలి. అయితే కలిపినవాళ్ళు చెప్పాలి, "ఇందులో ఓక్ ఉంది" అని. కలపనిది ఎందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి? ఇంగువ వేస్తే ఇంగువ పప్పు అంటాం. వెయ్యకపోతే "ఇంగువ లేని పప్పు" అంటామా? పప్పంటాం.

షార్డొనేని షార్డొనే అనండి. ఆ నోటితోనే, పక్కింటావిణ్ణి కూడా ఆవిడ పేరు పెట్టి పిలవండి.